తారు వయస్సు ఎవరు లెక్కిస్తారు?

2015 మే నెల చివరి వారంలో ఢిల్లీలో తీసిన ఒక ఛాయాచిత్రం అనేక దేశాల పత్రికలలో అచ్చయింది. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి సమీపాన పాదచారులు రోడ్డు దాటడానికి గీసిన తెల్లచారలు, ఎండకు మెత్తబడిన తారుతోపాటు జారి, కదిలే నీటిలోని నీడలవలె వంకరలు తిరిగిన దృశ్యమది. ఆనాడు రాజధానిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంది. అదే వారంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో జనం వడగాడ్పులకు వందల సంఖ్యలో రాలిపోతున్నారు. ఆ వేసవి దేశంలో సంభవించిన రెండు వేలకు పైబడిన వడదెబ్బ మరణాలలో అధిక భాగం ఈ రెండు రాష్ట్రాలవే. అయినా ఆ వేసవి పేరెత్తితే బయటి ప్రపంచానికి జ్ఞాపకం వచ్చేది మాత్రం ఢిల్లీ రోడ్డు మీది చారలే.

మేలో తారు కరిగిందని ఫిర్యాదు. ఆగస్టులో అదే తారు పెళుసుబారి, పెచ్చులు లేచి, గుంతలు పడిందని ఫిర్యాదు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమైనవిగా కనబడతాయి. కరిగే పదార్థం పగలడమేమిటి? పగిలేంత గట్టిదైతే కరగడమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే కథ శుద్ధి కర్మాగారం దగ్గర మొదలై, పార్లమెంటు ప్రశ్నోత్తరాల దాకా వస్తుంది. రాజకీయ విలేకరికి తారుతో పనేమిటని పాఠకులు అనుకోవచ్చు. కేంద్రం తన విజయాలలో మొదటి వరుసన చెప్పుకునే అంశం రహదారులు. 2020-21లో 13,327 కిలోమీటర్ల జాతీయ రహదారులు, అనగా రోజుకు దాదాపు 37 కిలోమీటర్లు నిర్మించామని ప్రభుత్వం ప్రకటించింది. సభలో అడిగే ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు అని. వచ్చే జవాబూ కిలోమీటర్లలోనే. ఆ కిలోమీటరు ఎన్నేళ్లు బతుకుతుందన్నది తారు స్వభావాన్ని బట్టి ఉంటుంది. దాని గురించి ప్రశ్న రావడం అరుదు.

ముందుగా పేరు గురించి ఒక మాట. కోస్తాలో తారు అంటాము, తెలంగాణలో డాంబరు అంటారు, ఢిల్లీ కూలీ దానిని అల్కత్రా అంటాడు. అరబ్బీలో పుట్టి పోర్చుగీసు వారి ఓడలెక్కి వచ్చిన మాట అది. అసలు తారు అనేది బొగ్గు నుండి తీసేది. ఇప్పుడు రోడ్లకు వాడేది పెట్రోలియం అడుగున మిగిలే బిటుమెన్. వాడుక మాట వాడుక మాటే కనుక నేనూ తారనే అంటాను.

ఈ తారు ఘనమా, ద్రవమా? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు 1927లో ఒక గరాటులో కీలు పోసి, అది పేరుకున్న తరువాత 1930లో గరాటు కాడ కోసి వదిలాడు. సుత్తితో కొడితే గాజులా పగిలే ఆ పదార్థం బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. 2014 నాటికి పడిన బొట్లు తొమ్మిది! మన రోడ్డు మీది తారు అంత మొండిది కాదు గాని, జాతి అదే. నెమ్మదిగా ఒత్తితే పారుతుంది, హఠాత్తుగా కొడితే పగులుతుంది. వేడికి నీరవుతుంది, చలికి రాయవుతుంది. పరుగెత్తే లారీ దానికి ఘనపదార్థమన్నట్లు తగులుతుంది. కూడలిలో ఎర్రదీపం కింద నిలిచిన లారీ కిందనేమో అదే తారు ద్రవమై పక్కకు తొలగుతుంది. చక్రాల గాళ్లు కూడళ్ల ముందు, బస్సులు ఆగేచోట లోతుగా పడటానికి కారణమిదే.

చాలాకాలం మన దేశంలో తారును సూదితో కొలిచారు. 25 డిగ్రీల వేడిలో 100 గ్రాముల బరువుతో ఒక సూదిని 5 సెకండ్లు దిగవిడిచి, అది మిల్లీమీటరులో పదో వంతు లెక్కన ఎంత దిగిందో చూసేవారు. 80/100 రకం, 60/70 రకం అన్న పేర్లు అక్కడివే. మా తరం ఇంజనీర్లందరూ ఆ అంకెలతోనే పెరిగారు. ఈ పరీక్ష సులభమైనదే. కాని 25 డిగ్రీలన్నది మన దేశంలో వసంతకాలపు సాయంత్రం. మే నెల మధ్యాహ్నం నల్లని రోడ్డు పైతలం 60 డిగ్రీలు దాటుతుంది. 25 దగ్గర ఒకేలా కనబడిన రెండు తారులు 60 దగ్గర పూర్తిగా వేరు విధాలుగా ప్రవర్తించవచ్చు.

ఈ లోపాన్ని గుర్తించి భారత ప్రమాణాల సంస్థ 2006లో సూదిని వెనక్కు నెట్టి, స్నిగ్ధతను, అనగా పారడానికి పదార్థం చూపే నిరోధాన్ని, ప్రధాన కొలతగా చేసింది. విజీ-10, 20, 30, 40 అన్న రకాలు అప్పుడు వచ్చాయి. సర్వసాధారణంగా వాడే విజీ-30కి 60 డిగ్రీల వద్ద కనీసం 2,400 పాయిజ్‌ల స్నిగ్ధత ఉండాలి. మామూలు నీటికంటే రెండు లక్షల నలభై వేల రెట్లు చిక్కన అన్నమాట. అదే తారు 135 డిగ్రీలకు చేరేసరికి నీటికంటే కొన్ని వందల రెట్లు మాత్రమే చిక్కగా ఉంటుంది. ఆ వేడి మీదే అది రాళ్లకు పడుతుంది, పరచడానికి లొంగుతుంది. లడఖ్, భూటాన్ వంటి చలి కొండలకు మెత్తని విజీ-10, భారీ లారీలు తిరిగే మైదానపు రహదారులకు గట్టి విజీ-40 అని స్థూలంగా విభజన.

అయితే ఈ అంకెలన్నీ కర్మాగారపు గేటు వద్ద తారుకు పుట్టినరోజున వేసిన జాతకం వంటివి. ఆ తరువాత అది ముదురుతుంది. మన ఆడవారికి చెప్పనక్కరలేదు. తీగపాకం ఉండపాకమై, ఉండపాకం ముదురు పాకం కావడానికి పొయ్యి మీద రెండు నిమిషాలు ఏమరితే చాలు. తారు కూడా పాకమే. తేడా ఏమంటే బెల్లం పాకం నీరు పోగొట్టుకుని ముదురుతుంది. తారు తేలిక నూనెలను పోగొట్టుకోవడమే గాక, గాలిలోని ఆక్సిజన్‌ను తనలో కలుపుకొని మరీ ముదురుతుంది. పాకానికి నీళ్లు పోసి మళ్లీ కాయవచ్చు. తారుకు ఆ సౌకర్యం అంత తేలికగా లేదు.

రసాయన శాస్త్రజ్ఞులు తారును నాలుగు భాగాలుగా చూస్తారు. సంతృప్త నూనెలు, ఆరోమాటిక్ నూనెలు, రెజిన్లు, అన్నింటికంటే బరువైన ఆస్ఫాల్టీన్లు. తారుకు గట్టితనమిచ్చేవి ఆస్ఫాల్టీన్లు, వాటిని తేలియాడనిచ్చి ప్రవాహగుణాన్ని ఇచ్చేవి తక్కినవి. వయస్సు పెరిగినకొద్దీ ఆరోమాటిక్‌లు రెజిన్లుగాను, రెజిన్లు ఆస్ఫాల్టీన్లుగాను మారుతుంటాయి. మోసే నూనె తగ్గి, మోయించుకునే బరువు పెరుగుతుంది. అప్పుడు తారు ఎండకు పారదు, నిజమే. కాని చలికి సర్దుకోనూ లేదు. డిసెంబరు తెల్లవారుజామున ఢిల్లీ నాలుగైదు డిగ్రీలకు దిగినప్పుడు రోడ్డు కుంచించుకుంటుంది. లేత తారు సాగి ఊరుకుంటుంది. ముదిరినది చిట్లుతుంది. ఆ చిట్లులో జూలై వాన దూరుతుంది. గుంత పడేది వానాకాలంలోనే అయినా చీలిక ఎప్పటిదో.

ఈ ముదురుడు ఎక్కడ మొదలవుతుంది? కర్మాగారంలోనే. ముడి చమురును మొదట మామూలు పీడనంలో, ఆ తరువాత శూన్యంలో స్వేదనం చేస్తే అట్టడుగున మిగిలే మడ్డే తారుకు మూలం. అన్ని చమురులూ మంచి తారునివ్వవు. పశ్చిమాసియా బరువు చమురులు ఇస్తాయి. మన బొంబాయి హై చమురు మైనపు జాతిది, అది తారుకు పనికిరాదు. మడ్డి మరీ మెత్తగా ఉంటే 250 డిగ్రీల దరిదాపుల వేడిలో దానిగుండా గాలి ఊది గట్టిపరుస్తారు. రోడ్డు మీద ఏళ్ల తరబడి జరిగే మార్పు వంటిదే అక్కడ గంటలలో జరుగుతుంది. ఆ తారు 60 డిగ్రీల పరీక్షలో చక్కగా నెగ్గుతుంది. ఎండకు లొంగని గుణమూ ఉంటుంది. కాని మితిమీరి ఊదితే, తన ఆయుర్దాయంలో కొంత కర్మాగారంలోనే ఖర్చుపెట్టుకుని బయటికి వస్తుంది. జాతకంలో ఆ సంగతి ఉండదు. 2022 తరువాత మన దిగుమతులలో రష్యా చమురు వాటా మూడో వంతు దాటింది. కర్మాగారాలు ఏ దేశపు చమురు చవకైతే దానిని కలుపుతాయి. ప్రమాణం తారు ఎలా ప్రవర్తించాలో చెబుతుంది గాని, ఏ చమురు నుండి, ఏ పద్ధతిన చేయాలో చెప్పదు. అది తప్పనను. కాని అట్టి ప్రమాణం ప్రవర్తనను సంపూర్ణంగా పరీక్షించేదిగా ఉండాలి కదా!

ఇక్కడే రాజకీయార్థిక విషయం ఒకటి చెప్పక తప్పదు. తారు మడ్డి నుండి వస్తుంది. ఆ మడ్డినే మరింత చితగ్గొడితే డీజిలు వస్తుంది. డీజిలుకు ధర ఎక్కువ. కనుక కర్మాగారాలు మడ్డిని డీజిలుగా, కోకుగా మార్చే యూనిట్ల మీద వేల కోట్లు ఖర్చు చేస్తున్నాయి. 1957లో కాల్టెక్స్ వారు ప్రారంభించిన మన విశాఖ కర్మాగారాన్ని హిందుస్థాన్ పెట్రోలియం సంస్థ 83 లక్షల టన్నుల నుండి 150 లక్షల టన్నులకు విస్తరించే పథకంలో ప్రధానాంగం, ఏటా 35.5 లక్షల టన్నుల మడ్డిని తేలిక ఇంధనాలుగా మార్చే యూనిట్. సంస్థ లాభం దృష్ట్యా అది సరైన నిర్ణయమే. కాని ఒక మంత్రిత్వశాఖ రోజుకు ఇన్ని కిలోమీటర్లని పరుగెడుతుంటే, మరో మంత్రిత్వశాఖ కింది కర్మాగారాలు ఆ రోడ్డుకు కావలసిన సరుకును వేరే దారి పట్టిస్తున్నాయి. ఫలితంగా దేశానికి ఏటా కావలసిన 80 లక్షల టన్నులకు పైబడిన తారులో సుమారు 50 లక్షలే ఇక్కడ తయారవుతోంది. తక్కినది పర్షియా సింధుశాఖ తీరం నుండి, ఇరాన్, ఇరాక్, ఎమిరేట్ల రేవుల నుండి ఓడలలోను, డ్రమ్ములలోను వస్తుంది.

డ్రమ్ములో వచ్చిన తారు గట్టిపడి ఉంటుంది. దానిని కరిగించాలి. కరిగించి ట్యాంకులో పోయాలి. ట్యాంకు నుండి లారీకి, లారీ నుండి కాంట్రాక్టరు తొట్టికి మార్చాలి. పని ఆగిపోతే చల్లారుతుంది, మళ్లీ కాయాలి. కాచిన ప్రతిసారీ కొంత ముదురుతుంది. పెద్ద తొట్టిలో గాలి తగిలేది పైభాగానికి మాత్రమే కనుక, జాగ్రత్తగా కాస్తే ఆ నష్టం స్వల్పమే. పెద్ద దెబ్బ తగిలేది రాళ్లతో కలిపే యంత్రంలో. రోడ్డు మిశ్రమంలో బరువును బట్టి తారు ఐదారు శాతం మాత్రమే. 2022 జూన్‌లో అమరావతి, అకోలాల మధ్య (మన అమరావతి కాదు, మహారాష్ట్ర అమరావతి) 105 గంటల 33 నిమిషాలలో 75 కిలోమీటర్ల పొడవున ఒక వరుస తారు పరచి గిన్నెస్ పుస్తకానికెక్కారు. అందులో 36,634 టన్నుల మిశ్రమానికి తారు 2,070 టన్నులే. అంత కొద్ది తారు అన్ని రాళ్లకు పట్టాలంటే పొర ఎంత పలచనై ఉండాలి? మిల్లీమీటరులో వందో వంతు! అంత పలచని పొర, 160 డిగ్రీల వేడి, చుట్టూ గాలి. నిమిషం లోపల తారు స్నిగ్ధత రెండు మూడు రెట్లు పెరుగుతుంది. కర్మాగారపు గేటు నుండి ఆ క్షణం వరకు జరిగినదంతా ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు.

అందుకే రహదారుల మంత్రిత్వశాఖ నిబంధనలలో వేడికి హద్దులున్నాయి. విజీ-30 అయితే కలిపేటప్పుడు 150 నుండి 165 డిగ్రీలు, పరిచేటప్పుడు 140కి తగ్గరాదు, రోలరు పని 90కి పడిపోక ముందే ముగియాలి. చదవడానికి ఎంతో సుబోధకంగా ఉంది. ఆచరణలో మిశ్రమ యంత్రం ఎక్కడో నగరం వెలుపల, పని నగరం నడుమ. ఢిల్లీలో పగలు లారీలకు ప్రవేశం లేదు కనుక పరిచేది రాత్రి. దారిలో చల్లారిపోతుందని భయపడిన యంత్రం మనిషి 165 వద్ద ఆగడు, 180కి లాగుతాడు. అతనిని తప్పుపట్టడం తేలిక. చల్లారిన మిశ్రమం అణగదు. అణగని రోడ్డులో రంధ్రాలుంటాయి. రంధ్రాలలో గాలి, నీరు దూరి లోపలి నుండి ముదిరిస్తాయి. ఎక్కువ కాస్తే వెంటనే ముసలితనం, తక్కువ కాస్తే నిదానంగా ముసలితనం. మధ్య దారి ఇరుకైనది. వేడిని ఇరవై ముప్పై డిగ్రీలు తగ్గించి పనిచేయగల మిశ్రమాలు వచ్చాయి గాని, అవి ఇంకా సర్వత్రా వాడుకలోకి రాలేదు.

కొంతకాలం కిందట ఒక రాత్రి పదకొండు గంటలకు ఇంటికి పోతూ, తారు పరుస్తున్న చోట నా బండి ఆగిపోయింది. యంత్రం వెనుక పారలతో అంచులు సర్దుతున్న వారిలో కొందరు కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకున్నారు. లారీ తలుపు తెరవగానే లేచిన నీలి పొగ వీధి దీపాన్ని కప్పేసింది. అంత పొగ లేచిందంటే తేలిక నూనెలు పోతున్నాయనే అర్థం. రోడ్డుకు ఉండవలసిన ప్రాణం ఆ కూలీల ఊపిరితిత్తులలోకి పోతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధమైన క్యాన్సరు పరిశోధనా విభాగం 2011లో రోడ్లు పరిచేవారికి తగిలే తారు ఆవిరులను క్యాన్సరు కారకం కావచ్చునన్న వర్గంలో చేర్చింది. గాలి ఊదిన తారుతో కప్పులకు పూత వేసేవారి విషయంలో అనుమానం ఇంకా బలమైనదని చెప్పింది. పాలమూరు కూలీలు తరతరాలుగా దేశమంతటా ఆనకట్టలకు, రోడ్లకు వలసపోయినవారు. ఈ పొగ సంగతి మన పాఠకులలో కొందరికి పుస్తకాల ద్వారా తెలియవలసిన అవసరం లేదు.

ప్రభుత్వం తారును అసలు పట్టించుకోదని కాదు. పట్టించుకునే తీరు వేరు. 1990 దశకంలో బీహారులో అల్కత్రా కుంభకోణం బయటపడింది. కర్మాగారాల నుండి రోడ్ల కోసం ఎత్తిన తారు కాగితం మీద తప్ప పనిస్థలానికి చేరనేలేదు. సీబీఐ దర్యాప్తు, ఏళ్ల తరబడి విచారణ సాగి, నాటి రాష్ట్ర మంత్రికి 2018లో రాంచీ న్యాయస్థానం శిక్ష వేసింది. కాంట్రాక్టరు కర్మాగారపు అసలు బిల్లు చూపితేనే సొమ్ము చెల్లించే పద్ధతి ఇటువంటి అనుభవాలతో గట్టిపడింది. మంచిదే. కాని బిల్లు చెప్పేది ఎన్ని టన్నులు కొన్నాడని. ఎంతసేపు, ఎంత వేడిన కాచాడని కాదు. మన శాఖలు దొంగతనాన్ని పట్టే విద్య నేర్చాయి. ముదురుడును పట్టే విద్య ఇంకా నేర్వలేదు.

ఆ విద్య లేనిది కాదు. తారును కృత్రిమంగా ముదిరించి చూసే పరీక్షలు రెండున్నాయి. మొదటిది, పలచని పొరను 163 డిగ్రీల కొలిమిలో 85 నిమిషాలు తిప్పడం. మిశ్రమ యంత్రంలో జరిగేదానికి ఇది నకలు. రెండవది, అట్లా కాచిన తారునే సుమారు 100 డిగ్రీల వద్ద, వాతావరణానికి ఇరవై రెట్ల పీడనం గల గాలిలో 20 గంటలు ఉంచడం. రోడ్డు మీద అనేక సంవత్సరాలు గడిచినదానికి ఇది నకలు. 1987లో అమెరికా ప్రభుత్వం చేపట్టిన పెద్ద పరిశోధనా కార్యక్రమం నుండి ఈ రెండవ పరీక్ష వచ్చింది. అక్కడ వేసవిలో పారకూడదు, ముసలితనంలో పగలకూడదు అన్న రెండు షరతులనూ ఒకే ప్రమాణంలో కట్టారు. మన 2013 నాటి ప్రమాణం మామూలు తారుకు మొదటి పరీక్షనే విధించింది. కాచిన తరువాత స్నిగ్ధత నాలుగు రెట్లకు మించి పెరగరాదని అంటుంది. రెండవ పరీక్ష ఊసు లేదు. పాలిమర్లు కలిపిన ఖరీదైన తారుకు మాత్రం 2019 ప్రమాణంలో రెండవ పరీక్ష కూడా వచ్చింది. ఖరీదైన తారు పడేది పెద్ద రహదారుల మీద. మామూలు తారు పడేది ఊళ్లకు పోయే దారుల మీద. అనగా ఆరు వరుసల దారి వృద్ధాప్యాన్ని ముందుగా పరీక్షిస్తాము, పల్లె దారిది దేవుడికి వదిలేస్తాము!

ఇది వ్యంగ్యం కోసం అన్న మాట కాదు. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద ఇంతవరకు ఏడు లక్షల కిలోమీటర్లకు పైగా దారులు వేశారు. ఈ దేశంలో అంత మేలు చేసిన పథకాలు ఎన్నో లేవు. కాని ఆ దారులలో అనేకం మీద పడింది రెండు సెంటీమీటర్ల పలచని, రంధ్రాలెక్కువగా ఉండే తారు చాప. గాలి సులువుగా దూరే నిర్మాణం అది. లారీలు తక్కువ కనుక అవి అరిగి చెడవు, ముదిరి చెడతాయి. కాంట్రాక్టరుకు నిర్వహణ బాధ్యత ఐదేళ్లు. ఆరో ఏట పెచ్చులు లేచినప్పుడు కర్మాగారం తన ధ్రువపత్రం చూపుతుంది, కాంట్రాక్టరు తన బిల్లు చూపుతాడు, శాఖ తన కొలతల పుస్తకం చూపుతుంది. ముగ్గురూ నిజమే చెబుతారు. పాఠశాలకు పోయే బస్సు మాత్రం ఊరి బయట ఆగిపోతుంది.

దీనికి మందు బ్రహ్మవిద్య కాదు. పరిచిన రోజున తారు నమూనా ఒకటి సీలు వేసి దాచడం, కలిపినప్పుడు, పరిచినప్పుడు వేడి ఎంతో యంత్రమే రాసిపెట్టే ఏర్పాటు చేసి బిల్లుకు ఆ కాగితం జతపరచడం, మూడేళ్లకు రోడ్డు నుండి ముక్క కోసి, అందులోని తారును ద్రావకంతో విడదీసి ఎంత ముదిరిందో చూడటం. మధురా రోడ్డులోని కేంద్ర రహదారి పరిశోధనా సంస్థ 1952 నుండి పనిచేస్తోంది. ఇట్టి పరీక్షలు అక్కడి శాస్త్రజ్ఞులకు కొత్తవి కావు. కొత్తదల్లా, వాటి ఫలితం మీద సొమ్ము చెల్లింపు ఆధారపడాలన్న షరతు. ఆ షరతును కాంట్రాక్టర్లు ఇష్టపడరు. ఇంజనీర్లలోనూ అందరూ ఇష్టపడతారని నేననుకోను.

ప్రస్తుతం ఢిల్లీ ఉత్సాహమంతా వేరొక వైపు ఉంది. 2024 డిసెంబరులో నాగపూర్–మన్సర్ రహదారి మీద, మొక్కలలోని లిగ్నిన్ కలిపిన జీవ తారుతో వేసిన ఒక కిలోమీటరు దారిని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ప్రారంభించారు. దిగుమతి తగ్గుతుందని, పొలాల్లో దుబ్బులు తగలబెట్టడం తప్పుతుందని ఆయన ఆశ. ఆశ మంచిదే, ప్రయత్నం అభినందనీయమే. అది 44వ జాతీయ రహదారి. హైదరాబాదు నుండి ఢిల్లీకి వచ్చే లారీ దాని మీదుగానే రావాలి. నాగపూర్ ఎండ ఎటువంటిదో ఆ లారీలు తోలేవారికి తెలుసు. ఆ కిలోమీటరు నుండి ఏటా ముక్క కోస్తున్నారా, పక్కనే మామూలు తారు వేసిన కిలోమీటరుతో పోల్చి చూస్తున్నారా, ఆ అంకెలను సభ ముందు ఉంచుతారా అని అడగడానికి ఉభయ తెలుగు రాష్ట్రాల సభ్యులలో ఒక్కరు నోటీసు ఇస్తే చాలు.